హాస్టల్లో సికిల్ సెల్ పాప: మందు దగ్గర్లోనే దొరకాలంటే

ప్రశ్న: పాడేరు ఏజెన్సీలో గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో టీచర్‌ని, హాస్టల్ బాధ్యత కూడా నాదే. ఏడో తరగతి చదివే ఒక పాపకు రెండేళ్ల కిందట బడిలో రక్తపరీక్ష చేసి ‘సికిల్ పాజిటివ్’ అని చీటీ ఇచ్చారు. వయసు 12 ఏళ్లు, బరువు 30 కిలోలు. చలికాలం వచ్చిందంటే కాళ్లూ నడుమూ పట్టేసి ఏడుస్తుంది. నిరుడు విశాఖలో పెద్దాసుపత్రిలో చేర్చారు. నెలకు సరిపడా గొట్టం మాత్రలు (క్యాప్సూళ్లు) ఇచ్చి మళ్లీ రమ్మన్నారు. కూలి పోతుంది, బస్సు ఛార్జీలు, తోడు మనిషి ఖర్చు, అందుకని వాళ్లు మళ్లీ వెళ్లలేదు. మా పీహెచ్‌సీలో అడిగితే స్టాక్ లేదన్నారు. తండ్రికి పరీక్ష చేస్తే ఏమీ లేదని వచ్చింది, దాంతో ఇంట్లో గొడవలు. పాప నటిస్తోందని కొందరు, టీసీ ఇచ్చి పంపేయమని కొందరు. నేనేం చేయగలను? అప్పు చేసైనా విశాఖలో ప్రైవేటుకు తీసుకెళ్లమని చెప్పాలా?

జవాబు: ప్రైవేటుకు వద్దు టీచర్ గారూ, అప్పు అసలే వద్దు. టీసీ మాట కూడా పక్కన పెట్టించండి. సికిల్ సెల్ అంటే రక్తంలోని ఎర్రకణాలు కొడవలిలా వంగి రక్తనాళాల్లో ఇరుక్కునే, పుట్టుకతో వచ్చే జబ్బు. ఈ జబ్బున్న పిల్లకు ఏడాది పొడుగునా కావలసింది రోజుకో గొట్టం మాత్ర, రెండు మూడు నెలలకో రక్తపరీక్ష, నొప్పో జ్వరమో వచ్చిన రాత్రి ఆలస్యం లేని వైద్యం. ఇవన్నీ పీహెచ్‌సీలోనూ, ఆపైన ఏరియా ఆసుపత్రిలోనూ జరిగే పనులే. విశాఖకు ఏడాదికోసారి వెళ్తే చాలు. నెలనెలా ఘాట్ దిగి ఎక్కే స్తోమత లేకపోవడం వల్లే పాప వైద్యం ఆగిపోయింది.

మన దేశంలో సికిల్ సెల్‌ను 1952లోనే నీలగిరి గిరిజనుల్లో గుర్తించారు. హైడ్రాక్సీయూరియా అనే ఆ గొట్టం మాత్రకు ఈ జబ్బు విషయంలో అమెరికాలో 1998లో అనుమతి వచ్చింది. మన దగ్గర జాతీయ మిషన్ మొదలైంది మాత్రం 2023 జులై 1న, మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో. 40 ఏళ్లలోపు గిరిజనులు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి జబ్బును నిర్మూలించాలని లక్ష్యం పెట్టుకున్నారు. పరీక్షల లెక్క మీటింగుల్లో చూపించడం తేలిక. చీటీ అందుకున్న పిల్ల నోట్లోకి రోజూ మాత్ర వెళ్తోందా అన్న లెక్క మాత్రం ఎవరూ అంత గట్టిగా అడగరు. మీరు అడగాల్సింది అదే.

ముందుగా ఆ చీటీ సంగతి తేల్చండి. బడుల్లో ఎక్కువగా చేసేది సాల్యుబిలిటీ టెస్టు. వేలి నుంచి తీసిన రక్తపు చుక్కను ఒక ద్రావణంలో కలుపుతారు. సికిల్ హిమోగ్లోబిన్ ఉంటే ద్రావణం మసకబారి, వెనక పెట్టిన కాగితం మీద గీతలు కనబడవు. అంతకుమించి అది చెప్పేదేమీ లేదు. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే లోపం వచ్చినవాళ్లను వాహకులు అంటారు, ఆసుపత్రి కాగితాల మీద ‘ఏఎస్’ అనో ‘ట్రెయిట్’ అనో రాస్తారు. ఇద్దరి నుంచీ వస్తేనే జబ్బు, దాన్ని ‘ఎస్ఎస్’ అని రాస్తారు. సాల్యుబిలిటీ టెస్టులో వాహకులకూ, జబ్బున్నవాళ్లకూ పాజిటివే వస్తుంది. వాహకులకు మందు అక్కర్లేదు, పింఛనూ రాదు, మామూలుగానే బతుకుతారు. కాబట్టి పాపకు హెచ్‌పీఎల్‌సీ లేదా ఎలక్ట్రోఫోరెసిస్, అంటే రక్తంలో ఏ రకం హిమోగ్లోబిన్ ఎంత ఉందో విడదీసి చెప్పే పరీక్ష రిపోర్టు చేతిలో ఉండాలి. విశాఖలో చేర్చినప్పుడు చేసే ఉంటారు, డిశ్చార్జి కాగితాలు వెతికించండి. అవి లేకపోతే పాపను మళ్లీ అంత దూరం తిప్పనక్కర్లేదు. ఊదారంగు మూత ఉన్న గొట్టంలో 2 మి.లీ. రక్తం తీసి, చల్లటి పెట్టెలో ఆ పరీక్ష ఉన్న ఆసుపత్రికి పంపితే సరిపోతుంది. పీహెచ్‌సీ ల్యాబ్ టెక్నీషియన్‌కు ఇది తెలిసిన పనే. ఒక్క జాగ్రత్త: పాపకు ఈమధ్య రక్తం ఎక్కించి ఉంటే మూడు నాలుగు నెలలు ఆగాలి. లేదంటే దాత రక్తం కలిసిపోయి, జబ్బు మనిషి కూడా వాహకురాలిలా కనిపిస్తుంది. తప్పు రిపోర్టులు ఎక్కువగా ఇక్కడే పుడతాయి.

ఇక తండ్రికి నెగటివ్ రావడం. ఇంట్లో ఎవరి మీద ఏ మాట పడుతోందో మీరు రాయకపోయినా తెలుస్తూనే ఉంది. తల్లిని నిలదీసే ముందు ఆ తండ్రికీ హెచ్‌పీఎల్‌సీ చేయించండి. సాల్యుబిలిటీ టెస్టు పట్టేది సికిల్‌ను మాత్రమే. తండ్రి బీటా థలసీమియా (హిమోగ్లోబిన్ సరిపడా తయారుకాని, ఇదీ పుట్టుకతో వచ్చే లోపం) వాహకుడైతే ఆ టెస్టులో ఏమీ కనబడదు. తల్లి నుంచి సికిల్, తండ్రి నుంచి థలసీమియా వస్తే బిడ్డకు ‘సికిల్ బీటా థలసీమియా’ అవుతుంది. దానికీ ఇవే నొప్పులు, ఇదే మందు. హెచ్‌పీఎల్‌సీలో తండ్రికి ఏ2 అనే రకం హిమోగ్లోబిన్ పెరిగి కనిపిస్తే లెక్క తేలిపోయినట్టే. పైగా సాల్యుబిలిటీ టెస్టులో వాడే ద్రావణం పాతబడినా, రక్తం బాగా తక్కువగా ఉన్నా తప్పుడు నెగటివ్ రావచ్చు. ఈ విషయం ఏఎన్‌ఎం చేత ఆ ఇంట్లో వాళ్ల భాషలోనే చెప్పించండి. కువి మాట్లాడేవాళ్లకు తెలుగులో చెబితే తలూపుతారు, అర్థమైనట్టు కాదు.

మందు దగ్గరికి వద్దాం. హైడ్రాక్సీయూరియా మన జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది. పిల్లలు తల్లి కడుపులో ఉన్నప్పుడు ఉండే ఎఫ్ రకం హిమోగ్లోబిన్‌ను ఇది మళ్లీ పెంచుతుంది. అది పెరిగితే ఎర్రకణాలు కొడవలిలా వంగడం తగ్గుతుంది. కిలో బరువుకు రోజుకు 10 నుంచి 15 మి.గ్రా. దగ్గర మొదలుపెడతారు. 30 కిలోలకు 300 నుంచి 450 మి.గ్రా. అన్నమాట. సాధారణంగా దొరికేది 500 మి.గ్రా. గొట్టమే కాబట్టి, డాక్టరు సరేనంటే రోజుకొకటి దాదాపుగా సరిపోతుంది. నెలకు 30. ఎన్ని మాత్రలో తేల్చాల్సింది డాక్టరే, మీరు చేయాల్సింది పాప తాజా బరువు చెప్పడం. ఈ వయసులో ఏడాదికి నాలుగైదు కిలోలు పెరుగుతారు, డోసు మాత్రం పాత చీటీ మీద ఉన్నదే సాగుతుంటుంది.

మొదలుపెట్టే ముందు రక్తకణాల లెక్క అంటే సీబీసీ, కిడ్నీ, లివర్ పరీక్షలు చేస్తారు. మొదట్లో రెండు నుంచి నాలుగు వారాలకోసారి, డోసు కుదిరాక రెండు మూడు నెలలకోసారి సీబీసీ ఉండాలి. తెల్లకణాల్లోని న్యూట్రోఫిల్స్ 2,000 కన్నా, ప్లేట్‌లెట్లు 80,000 కన్నా కిందికి పడిపోతే మాత్ర ఆపి, కోలుకున్నాక తక్కువ డోసుతో మళ్లీ మొదలుపెడతారు. ఈ పరీక్ష అయ్యే దారి లేనిచోట మందు రాయడానికి పీహెచ్‌సీ డాక్టర్లు జంకుతారు. వాళ్ల జంకును తప్పుబట్టలేం కానీ, దానికి విరుగుడు పాపను విశాఖ పంపడం కాదు, సీబీసీ తేదీ క్యాలెండర్ మీద రాసిపెట్టడం.

మాత్ర మానేయడానికి మూడు కారణాలు ఎప్పుడూ ఎదురవుతాయి. ఒకటి, ఇది నొప్పి మాత్ర కాదు. వేసిన రోజు ఏ తేడా ఉండదు, మూడు నుంచి ఆరు నెలలు పోతే నొప్పులు వచ్చే సార్లు తగ్గుతాయి. ఆ ముక్క ముందే చెప్పకపోతే రెండో నెలలోనే ‘పని చేయట్లేదు’ అని ఆపేస్తారు. రెండు, గోళ్లు నల్లబడతాయి. భయపడాల్సింది లేదు. మూడు, ఎవరో ఒక మెడికల్ షాపాయన ‘ఇది క్యాన్సర్ మందు కదా’ అంటాడు. కొన్ని రక్త క్యాన్సర్లకూ వాడతారు, నిజమే. అయినా ఈ డోసులో, ఈ జబ్బుకు, దశాబ్దాలుగా పిల్లలకూ ఇస్తున్న మందు ఇది. మాత్ర నిజంగా వేసుకుంటోందా లేదా అన్నది సీబీసీ కాగితమే చెబుతుంది. క్రమం తప్పకుండా వేసుకునేవాళ్లకు ఎంసీవీ అనే అంకె, అంటే ఎర్రకణాల సైజు, మెల్లగా పెరుగుతూ పోతుంది. గొట్టం విప్పి పొడి చేసి ఇవ్వొద్దు, ఒట్టి చేత్తో ఆ పొడి తాకొద్దు. పెద్దయ్యాక గర్భం అనుకునే ముందు ఈ మందు ఆపాలని తల్లికి ఇప్పుడే చెప్పి ఉంచండి.

స్టాక్ లేదన్న మాట వెనక ఒక వలయం ఉంటుంది. పీహెచ్‌సీలు మందులకు కొంతకాలానికోసారి జిల్లా సెంట్రల్ డ్రగ్ స్టోర్‌కు ఇండెంట్ పెడతాయి. పోయినసారి ఎంత వాడారన్నదే దానికి ఆధారం. పేషెంట్లు విశాఖ వెళ్తున్నారు కాబట్టి ఇక్కడ వాడకం సున్నా. వాడకం సున్నా కాబట్టి ఇండెంట్ లేదు. ఇండెంట్ లేదు కాబట్టి స్టాక్ లేదు, స్టాక్ లేదు కాబట్టి మళ్లీ విశాఖే. దీన్ని తెంచేది ఒక కాగితం. పీహెచ్‌సీ వైద్యాధికారి పేర పాఠశాల తరఫున, హెచ్ఎం సంతకంతో, ఇలా రాయండి: ‘మా పాఠశాలలో సికిల్ సెల్ వ్యాధి నిర్ధారణ అయిన విద్యార్థిని ఉంది. నెలకు హైడ్రాక్సీయూరియా 500 మి.గ్రా. గొట్టాలు 30, ఫోలిక్ యాసిడ్ 5 మి.గ్రా. మాత్రలు 30 అవసరం. మూడు నెలలకు చెరి 90. ఇండెంట్‌లో చేర్చి, వచ్చేదాకా ఆసుపత్రి అభివృద్ధి సంఘం నిధుల నుంచి కొనిపించగలరు.’ హెచ్‌పీఎల్‌సీ రిపోర్టు నకలు జతచేసి, రెండో ప్రతి మీద తేదీతో అందినట్టు ముద్ర వేయించుకోండి. ఆ ముద్రే ముఖ్యం. నోటితో అడిగితే నోటితోనే ‘వచ్చే వారం రండి’ అంటారు. మండలంలో మిగతా సికిల్ సెల్ పిల్లల లెక్క కూడా ఏఎన్‌ఎంల దగ్గర ఉంటుంది. పదిమందివి కలిపి 900 గొట్టాల ఇండెంట్ పెడితే దాన్ని పక్కన పెట్టడం కష్టం.

నెల దాటినా కదలిక లేకపోతే ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు అధికారికి, లేదా కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే కాగితం నకలు ఇవ్వండి. ఇంకా గట్టిగా అడగాలంటే సమాచార హక్కు దరఖాస్తు ఉంది. గత 12 నెలల్లో ఈ పీహెచ్‌సీ హైడ్రాక్సీయూరియాకు ఎన్ని గొట్టాల ఇండెంట్ పెట్టింది, ఎన్ని వచ్చాయి, స్టాక్ సున్నా ఉన్న రోజులెన్ని? ఈ మూడే అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మీరు ఉద్యోగిగా ఇబ్బంది పడతారనుకుంటే తల్లిదండ్రుల పేరుతో వేయించండి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబానికి రుసుము కూడా లేదు.

ఇంతవరకూ ఆసుపత్రి పని. హాస్టల్లో మీరు మార్చగలిగినవి ఇంతకన్నా ఎక్కువే, చాలావాటికి ఎవరి సంతకమూ అక్కర్లేదు.

చలికాలంలో తెల్లవారుజామునే పిల్లలందరినీ కుళాయి దగ్గర వరసలో నిలబెట్టి చన్నీళ్ల స్నానాలు చేయించడం మన ఆశ్రమ పాఠశాలల్లో మామూలే. లంబసింగి, చింతపల్లి వైపు డిసెంబరు, జనవరి చలి ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఒంటి మీద చన్నీళ్లు పడగానే చర్మం కింద రక్తనాళాలు బిగుసుకుంటాయి, వంగిన కణాలు అక్కడ ఇరుక్కుంటాయి, కాళ్ల నొప్పి మొదలవుతుంది. ‘చలికాలం వచ్చిందంటే’ అని మీరు రాసిన దాంట్లో సగం కారణం ఈ స్నానమే కావచ్చు. పాపకు ఎండెక్కాక స్నానం, వంటగది నుంచి ఒక బకెట్ వేడినీళ్లు, రాత్రికి రెండో రగ్గు, సాక్సులు. ఆమె ఒక్కదానికే ఇస్తే మిగతావాళ్లు వేలు చూపిస్తారనుకుంటే, ఒంట్లో బాగాలేని పిల్లలందరికీ అని పేరు పెట్టి నలుగురైదుగురికి ఇవ్వండి. జబ్బు పేరు ప్రేయర్‌లో చెప్పాల్సిన పనిలేదు.

నీళ్లు రోజుకు రెండు లీటర్లకు తగ్గకూడదు, ఎండాకాలంలో, జ్వరంలో ఇంకా ఎక్కువ. ఆ పాపకు సొంతంగా లీటరు సీసా ఉండాలి, మధ్యాహ్నం భోజనానికి ఒకటి ఖాళీ కావాలి. తాగమంటే తాగుతారు కదా అనుకుంటాం, తాగరు. మరుగుదొడ్డి దూరంగా ఉంటే, రాత్రి దీపం లేకపోతే, ఆడపిల్లలు సాయంత్రం నుంచే నీళ్లు మానేస్తారు. పైగా ఈ జబ్బులో కిడ్నీలకు మూత్రాన్ని చిక్కబరిచే శక్తి తగ్గుతుంది కాబట్టి ఎక్కువసార్లు వెళ్లాల్సి వస్తుంది, కొందరు పక్క కూడా తడుపుతారు. అందుకని పాప పడక మరుగుదొడ్డికి దగ్గరగా ఉన్న గదిలో వేయించండి, తోడుగా వెళ్లే స్నేహితురాలిని పక్కనే పడుకోబెట్టండి. పక్క తడిపిందని తిట్టనివ్వొద్దు, తరగతిలో ఎన్నిసార్లు అడిగినా బయటికి పంపమని మిగతా టీచర్లకు చెప్పండి. ఆటలు ఆడొచ్చు. పరుగు పందాలు, ఎండలో గంటల తరబడి డ్రిల్లు మాత్రం వద్దు, అలసట అనిపిస్తే ఆగే స్వేచ్ఛ ఆమెకే ఉండాలి.

బడిలో వారం వారం ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర ఈ పాపకు ఇవ్వకండి. తీవ్రమైన థలసీమియా ఉన్నవాళ్లకు, తరచూ రక్తం ఎక్కించుకునేవాళ్లకు ఆ మాత్ర ఆపాలని ఆ కార్యక్రమం నిబంధనల్లోనే ఉంది. వీళ్లలో రక్తం తగ్గేది ఎర్రకణాలు తొందరగా చితికిపోవడం వల్ల, వాటిలోని ఇనుము ఒంట్లోనే ఉంటుంది. ఇనుము లోపం కూడా ఉందని పరీక్షలో తేలితేనే డాక్టరు రాస్తారు. కావలసింది ఫోలిక్ యాసిడ్. ఇక్కడే ఇంకో మాట. ఈ పిల్లల్లో చాలామందికి హిమోగ్లోబిన్ 7, 8, 9 దగ్గరే నిలకడగా ఉంటుంది. కొత్త డాక్టరు ఆ అంకె చూడగానే ‘రక్తం ఎక్కించాలి’ అంటాడు. అంకె కోసం ఎక్కించకూడదు, మామూలుగా ఉండే స్థాయి నుంచి ఒక్కసారిగా పడిపోతేనో, ఆయాసం, పక్షవాతం లాంటివి వస్తేనో ఎక్కించాలి. అందుకే ఒక అట్టముక్క మీద పాప మామూలు హిమోగ్లోబిన్, బరువు, మందు డోసు, బ్లడ్ గ్రూపు, ఎడమ డొక్కలో ఉండే ప్లీహం ఎంత పెరిగి ఉందో రాయించి లామినేషన్ చేయించండి. రాత్రి డ్యూటీ డాక్టరుకు అరగంట కథ చెప్పే బదులు అది చూపిస్తే చాలు. నిజంగా రక్తం అవసరమైతే సికిల్ సెల్ రోగులకు డబ్బు తీసుకోకుండా, బదులు దాతను తెమ్మనకుండా ఇవ్వాలని జాతీయ రక్తమార్పిడి మండలి 2014లోనే చెప్పింది. ఆ మాట బ్లడ్ బ్యాంకు కిటికీ దగ్గర గుర్తు చేయాల్సి వస్తుంది, మొహమాటపడకండి.

నొప్పి వచ్చిన రాత్రికి సరంజామా ముందే ఉండాలి. పారాసిటమాల్ 500 మి.గ్రా. ఒకటి, ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగుకు మించకుండా. తగ్గకపోతే డాక్టరు ముందుగా ఒప్పుకుని ఉంటే అన్నం తిన్నాక ఐబుప్రొఫెన్ 200 మి.గ్రా., ఎనిమిది గంటలకోసారి. వాంతులై ఒళ్లు ఆరిపోయినప్పుడు, కిడ్నీ ఇబ్బంది ఉన్నప్పుడు ఐబుప్రొఫెన్ వద్దు. వేడినీళ్ల సంచితో కాపడం, గంటకో గ్లాసు నీళ్లు. ఐసు పెట్టొద్దు. ఇంట్లోవాళ్లు నాటువైద్యానికి తీసుకెళ్తామంటే వాళ్లతో పోట్లాడకండి, వాతలు పెట్టించొద్దని, మాత్ర ఆపొద్దని మాత్రం పట్టుబట్టండి. రెండు మూడు గంటల్లో నొప్పి లొంగకపోతే ఆసుపత్రే.

కొన్నిటికి మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు. జ్వరం 101 దాటితే అదే రాత్రి కదలాలి. ఈ పిల్లల ప్లీహం సరిగా పనిచేయదు కాబట్టి చిన్న ఇన్ఫెక్షన్ గంటల్లో రక్తమంతా పాకుతుంది. పైగా మనది మలేరియా ప్రాంతం. సికిల్ వాహకులకు మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది, జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం మలేరియా ప్రాణాంతకం. ప్రతి జ్వరానికీ మలేరియా పరీక్ష, దోమతెర తప్పనిసరి. ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, చేయో కాలో లాగేయడం, మాట తడబడటం, ఎడమ డొక్క ఒక్కసారిగా ఉబ్బి మొహం తెల్లగా పాలిపోవడం, ఇవి కనిపిస్తే 108కి ఫోన్ చేయండి. ఫోన్‌లో ‘కాళ్ల నొప్పులు’ అనొద్దు, ‘సికిల్ సెల్ పేషెంట్, ఆయాసం ఉంది’ అని ఉన్న లక్షణం చెప్పండి. రోడ్డు సరిగా లేని చోటికి బైకు అంబులెన్స్ వస్తుందా, ఎక్కడిదాకా వస్తుందన్నది ఇప్పుడే 108 సిబ్బందిని అడిగి తెలుసుకోండి. సెల్ సిగ్నల్ ఎక్కడ అందుతుందో కూడా రాత్రి కాపలా మనిషికి తెలిసి ఉండాలి.

‘నటిస్తోంది’ అన్నవాళ్లకు జవాబు సూటిగా చెప్పొచ్చు. ఈ నొప్పికి వాపు ఉండకపోవచ్చు, ఎక్స్‌రేలో ఏమీ కనబడదు. చిన్నప్పటి నుంచీ అనుభవించిన పిల్ల ఏడవకుండా గోడవైపు తిరిగి పడుకుంటుంది, అది చూసి నొప్పి లేదనుకుంటారు. గిరిజన పిల్లలు ‘ఓర్చుకుంటారులే’ అనే మాట ఆసుపత్రుల్లోనూ వినబడుతుంది. ఆసుపత్రికి చేరిన గంటలోపు నొప్పి మందు పడాలన్నది నిపుణుల మార్గదర్శకం. పది వేళ్లు చూపించి, ఎన్ని వేళ్లంత నొప్పో పాపనే అడగమనండి. ఆ అంకెను కేసు షీటులో రాయించండి. రాసిన నొప్పిని పట్టించుకోకుండా వదిలేయడం కష్టం.

డబ్బు సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో సికిల్ సెల్ జబ్బు నిర్ధారణ అయినవాళ్లకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు రూ.10,000 పింఛను ఉంది. చాలా కుటుంబాలకు ఇది ఉందనే తెలియదు. ప్రభుత్వ ఆసుపత్రి వైద్య ధ్రువపత్రం, హెచ్‌పీఎల్‌సీ రిపోర్టు, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం పట్టుకుని గ్రామ సచివాలయానికి వెళ్లాలి. ఎక్కువ దరఖాస్తులు తిరిగొచ్చేది బడి చీటీ ఒక్కటే జతచేయడం వల్ల, లేదా ఆధార్‌లో ఒక పేరు, ఆసుపత్రి కాగితంలో ఇంకో పేరు ఉండటం వల్ల. గిరిజన పిల్లలకు ఇంట్లో ఒక పేరు, బడిలో ఒక పేరు ఉండటం మీరు చూస్తూనే ఉంటారు. రక్తం తీసే రోజే ఆధార్‌లోని పేరే రాయమనండి. తెలంగాణ పాఠకులకు ఒక ముక్క: ఈ రూ.10,000 పింఛను అక్కడ లేదు, 40 శాతం వైకల్య ధ్రువపత్రం వస్తే రూ.4,016 దివ్యాంగుల పింఛనుకు దరఖాస్తు చేయొచ్చు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో సికిల్ సెల్ ఒకటి. కాబట్టి యూడీఐడీ కార్డుకు, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డుకు, రెండు రాష్ట్రాల్లోనూ అర్హత ఉంది. జబ్బు పేరుతో టీసీ చేతిలో పెట్టడం ఆ చట్టానికి విరుద్ధమని హెచ్ఎం గారితో మర్యాదగానే అనండి, చాలు.

ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పుడు పనికొస్తుంది, నెలనెలా మాత్రలకు దాని మీద ఆశ పెట్టుకోకండి. ప్రభుత్వ ఆసుపత్రిలో చేరడానికి ఆ కార్డు ఉండి తీరాలన్న నియమమూ లేదు. కార్డు లేదన్నారని వెనక్కి వచ్చేయకుండా ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర బల్ల దగ్గర అడగమనండి.

పాప అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ పరీక్ష చేయించండి. తల్లీతండ్రీ ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు జబ్బు, రెండు వంతులు వాహకులు, ఒక వంతు ఏమీ లేకపోవడం. మొదటి బిడ్డకు వచ్చింది కదా అని రెండో బిడ్డకు రాకుండా పోదు. ఐదేళ్లలోపు వాళ్లకెవరికైనా జబ్బు తేలితే రోజూ పెన్సిలిన్, న్యుమోకోకల్ టీకా ముఖ్యం, ఆ వయసులో ప్రాణం తీసేది ఇన్ఫెక్షనే. పాపకు రేపు పెళ్లి కాదని ఎవరైనా అంటే ఆ మాటకు కూడా ఇక్కడే జవాబు ఉంది. చేసుకునే అబ్బాయికి సికిల్ గానీ థలసీమియా గానీ లేకపోతే పుట్టే పిల్లలు వాహకులవుతారంతే, జబ్బు రాదు.

విశాఖ ప్రయాణం ఏడాదికి ఒకటి పెట్టుకోండి, వీలైతే బడి పరీక్షలయ్యాక. కళ్ల పరీక్ష, గుండె స్కాన్, తలలో రక్తప్రవాహం చూసే డాప్లర్, కొత్త బరువుకు సరిపడా డోసు, వేయాల్సిన టీకాలు, అన్నీ ఆ ఒక్క ప్రయాణంలో అడిగి, పీహెచ్‌సీ డాక్టరు పేరు మీద ‘ఈ మందు ఇక్కడే కొనసాగించండి’ అని ఉత్తరం రాయించుకోవాలి.

ఇక సెలవులు. హాస్టల్లో మీ కళ్లముందు పది నెలలు వేసుకున్న మాత్ర వేసవిలో ఆగిపోతుంది. ఏప్రిల్ చివర ఇంటికి వెళ్లి జూన్ రెండో వారంలో వచ్చేదాకా సుమారు 50 రోజులు. 60 గొట్టాలు ఒకేసారి ఇవ్వమని మార్చిలోనే ఇండెంట్‌లో రాయించండి. వెళ్లేముందు సీబీసీ చేయించి, లామినేషన్ అట్ట, మాత్రల డబ్బా తల్లి చేతికిచ్చి, ఆ ఊరి ఆశ కార్యకర్త ఫోన్ నంబరు డబ్బా మూత మీద రాయండి. దసరా, సంక్రాంతి సెలవులకూ అంతే.